గేటు దగ్గరి జామకాయ, మేడ మీది స్టార్టర్

జామకాయను రోడ్డు మీద నిలబడి తినడం అనాగరికం. ఇంట్లో కూర్చుని తినాలి. అదీ చేత్తో కాదు, పుల్ల గుచ్చి తినాలి. కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రండి, ఇక్కడే తేల్చుకుందాం!

ఈ మాట ఊరికే అనడం లేదు. ఫోన్లో వీడియో చూసి అంటున్నాను. ఐదు నిమిషాల్లో, ఇంట్లోనే, తియ్యతియ్యగా కారంకారంగా ఫ్రూట్ స్టార్టర్. పండు ముక్క, పనీర్ ముక్క, పైన తేనె, ఉప్పు, మిరప్పొడి, నిమ్మరసం. అన్నీ పుల్లకు గుచ్చాలి. అంతే. ఇంత సులువైన పని తెలియక ఇన్నేళ్లూ తోపుడు బండి దగ్గర పాత పేపర్ ముక్కలో పెట్టించుకుని తిన్నాం. సిగ్గుండాలి మనకు.

సులువంటే ఎంత సులువో చెబుతాను. మా అపార్ట్‌మెంట్ చిక్కడపల్లిలో, సందు అశోక్ నగర్ వైపు తిరిగే చోట ఉంది. మొన్న ఆదివారం మేడ మీద అసోసియేషన్ గెట్ టుగెదర్. మా సెక్రటరీ వీరరాఘవరావు గారి భార్య రత్నమాల గారు ఈ స్టార్టర్ తానే చేస్తానన్నారు. పుచ్చకాయను నక్షత్రాల్లా కోసే అచ్చు కోసం నారాయణగూడలో నాలుగు షాపులు తిరిగారు. తేనె సన్నగా పడాలని సన్న మూతి సీసా ఒకటి కొన్నారు. టూత్‌పిక్‌లు ఫోన్లో ఆర్డర్ పెడితే చెవిలో పెట్టుకునే దూది పుల్లలు వచ్చాయి. మళ్లీ ఆర్డర్, మళ్లీ డెలివరీ. ఒక్క పండు ముక్క తినడానికి ఇంతమందికి పని దొరుకుతుంటే దేశం ముందుకు పోదా?

అశోక్ నగర్ కోచింగ్ పిల్లలు కూడా ఇది నేర్చుకోవాలి. క్లాసు వదలగానే బండి దగ్గర మూగడమేమిటి, గదిలో చేసుకోకుండా? గది ఒకటే, మంచాలు నాలుగు, వంటిల్లు లేదు, కత్తి కనిపిస్తే వార్డెన్ ఊరుకోడు. అయితేనేం? స్కేలుతో కోసుకోవచ్చు. గ్రూప్స్ రాసేవాడికి జామకాయ కోయడం రాకపోతే రేపు జిల్లాను ఏం పాలిస్తాడు!

బండి అంటున్నాను కదా, అది మాసమ్మ బండి. పాలమూరు నుంచి వచ్చి దోమలగూడ బస్తీలో కిరాయికి ఉంటుంది. భర్త మాసయ్య స్లాబు పనికి పోతాడు. ఆరేళ్లు మా గేటు పక్కనే బండి పెట్టింది. జామకాయను నాలుగు చీలికలు చేసినా అడుగున విడిపోనివ్వదు. పువ్వులా విప్పి లోపల ఉప్పుకారం రుద్దుతుంది. ఆ ఉప్పుకారంలో చిటికెడు చక్కెర కలుపుతుంది. తీపీ కారమూ అంటే అదే. కానీ ఆమెకు వీడియో లేదు. వీడియో లేని వంటను ఎలా నమ్మడం?

అందుకే నాలుగు నెలల కిందట ఆమెను అక్కడి నుంచి లేపేశాం. గొడవ పడలేదు, తిట్టలేదు. చదువుకున్నవాళ్లం కదా! ఫుట్‌పాత్ మీద తొమ్మిది సిమెంటు కుండీలు వరసగా పెట్టి క్రోటన్ మొక్కలు నాటాం. బండి పెడితే ఆక్రమణ, కుండీ పెడితే పచ్చదనం. బండి బస్తీలో గోడకు ఆనించి ఉంది. మాసమ్మ నెత్తిన బుట్టతో సందులన్నీ తిరుగుతోంది. నిలబడి అమ్మినదాంట్లో సగం కూడా అమ్ముడుపోదు. ఉదయం నవనవలాడే కాయలు సాయంత్రానికి వాడిపోతే, మర్నాడు వాటిని వాళ్లింట్లోనే తింటున్నారు. పిల్లలకు పండ్లు పెట్టమని డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు మరి!

సరే, పార్టీకి వద్దాం. రత్నమాల గారు పద్ధతి గల మనిషి. ఆఖరి నిమిషం హడావుడి ఆ ఇంట్లో ఉండదు. ఆరింటి పార్టీకి మూడింటికే ముక్కలన్నీ కోసి, ఉప్పూ మిరప్పొడీ పట్టించి, మూత పెట్టి సిద్ధంగా ఉంచారు. ఆరింటికి మూత తీస్తే గిన్నెలో చారు ఉంది. నక్షత్రాలు మునిగిపోయాయి. పనీర్ తేలుతోంది. నలభై మంది ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు.

వాచ్‌మన్ దాసయ్య మెల్లగా అన్నాడు. “సార్, మాసమ్మ ఇప్పుడే సందు మూల మీద కనవడ్డది. పిలవన్నా?”

సెక్రటరీ గారు భార్య వంక చూశారు. ఆమె చారు వంక చూశారు.

“పిలువు. లిఫ్టులోనే రమ్మను,” అన్నారు రత్నమాల గారు.

మాసమ్మ బుట్టతో, కత్తితో, ఉప్పుకారం డబ్బాతో వచ్చింది. గిన్నెలోకి తొంగి చూసింది.

“ఉప్పు ఎప్పుడేసిండ్రమ్మా?”

“మూడింటికి.”

“తినేటప్పుడు ఏయాలె. ముందుగాల ఏస్తె పండు ఏడుస్తది.”

“వీడియోలో ఆ ముక్క చెప్పలేదు మరి.”

“వీడియోల ఆమె చేసి చూపెట్టి పోయిందేమో తియ్. తినలే.”

మాసమ్మ కూర్చుని కోయడం మొదలుపెట్టింది. ఎవరో ‘లైవ్ కౌంటర్’ అన్నారు. అంతే, ఫోన్లన్నీ లేచాయి. గుర్తు పెట్టుకోండి, అదే మాసమ్మ, అదే కత్తి, అదే జామకాయ. నేల మీద ఉంటే న్యూసెన్స్. ఐదంతస్తుల పైకి తెస్తే లైవ్ కౌంటర్! ఫుట్‌పాత్‌లన్నీ మేడల మీద వేస్తే పేదవాళ్ల సమస్య ఒక్క రోజులో తీరిపోతుంది. ఈ సలహా ప్రభుత్వానికి ఉచితంగా ఇస్తున్నాను.

పది కాయలు పంచిందో లేదో, మాసమ్మ డబ్బా మూత పెట్టేసింది.

“సార్, గేటు కాడ నా జాగ నాకిస్తరా?”

వీరరాఘవరావు గారు నోట్లో ముక్క నమిలి మింగేదాకా ఆగారు. “అదీ ఇదీ ఒకటెలా అవుతుందమ్మా? ఇది కౌంటరు. అది బండి. బిల్డింగ్ ముందు బండి ఉంటే లుక్ పోతుంది.”

“చక్రాలుంటె బండి, లేకుంటె కౌంటరా సార్? అయితె చక్రాలు పీకేస్త.”

“అలా కాదు. కమిటీలో పెట్టి చూద్దాం.”

“పెట్టుండ్రి. కాయలు గూడ కమిటీనే కోస్తది తియ్.”

డబ్బా కొంగులో చుట్టుకుంది. బుట్ట నెత్తికెత్తుకుంది. లిఫ్టు కోసం చూడకుండా మెట్లు దిగిపోయింది.

ముప్పై మందికి ఇంకా అందలేదు. వాళ్లు చారు వంక ఒకసారి, మెట్ల వంక ఒకసారి చూశారు. లిఫ్టులో ఆరుగురే పడతారు. మిగతావాళ్లం మెట్ల మీద పరుగు. కింద నిలబడే చోటు లేక మాసమ్మ కుండీలకు అవతల, రోడ్డు మీద నిలబడింది. పింగాణీ ప్లేట్లతో మేమంతా రోడ్డు మీదే ఆమె చుట్టూ మూగాం. ఒక ఆటోవాలా బ్రేకు వేసి తల బయట పెట్టాడు.

“ఏంది సార్, ఫుట్‌పాత్ ఉన్నదేమిటికి? జర పైకెక్కరాదు?”

ఎక్కుదామంటే క్రోటన్‌లు ఉన్నాయి.

“ఏవండీ,” అన్నారు రత్నమాల గారు, జామకాయ నములుతూనే. “ఆ చివరి కుండీ కాస్త జరిపించండి. ఆవిడ ఆటో కింద పడేలా ఉంది.”

సెక్రటరీ గారు దాసయ్య వంక చూశారు. “పెట్టిననాడే నా నడుము వట్టింది సార్,” అని దాసయ్య చేతులు కట్టుకున్నాడు. ఇక ఒక వైపు సెక్రటరీ గారు, ఇంకో వైపు నేను.

ఒక్క కుండీ జరిగింది. ఆ జాగాలో మాసమ్మ బుట్ట పట్టింది. బండి పట్టాలంటే ఇంకా మూడు జరగాలి. దానికి కమిటీ తీర్మానం కావాలంటున్నారు సెక్రటరీ గారు. పెట్టిన రోజు తీర్మానం ఏదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. తొమ్మిదింట్లో ఐదు కుండీలకు ఒక వైపు పట్టి మోసింది నేనే.

ఆ రోజు అంత బరువనిపించలేదు.