అభ్యంతరం లేదన్న రేచుకుక్కలు

ఒక పెద్ద అడవిలో సింహం రాజుగా ఉండేదని వేరే చెప్పక్కర్లేదు. అయితే అడవిని నడిపేది మాత్రం సచివాలయమే. సింహం పని సంతకం పెట్టడం, ఆవులించడం.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చుక్కమ్మ అనే దుప్పి రొప్పుకుంటూ సచివాలయానికి పరిగెత్తుకొచ్చింది. ఏటి రేవు పక్క పొదల్లో దాని మంద ఉంటుంది. పిల్లలన్నీ ఈ మధ్యే పుట్టాయి, ఇంకా కాళ్లు నిలవడం లేదు.

"అయ్యా, ఏరు మోకాలి లోతుకి దిగిపోయింది. అవతలి గట్టున రేచుకుక్కలు చేరాయి. మా పిల్లల్ని చూసి మూతులు నాక్కుంటున్నాయి. రేవులో కాపలా పెట్టించండి!"

ముఖ్య కార్యదర్శి ఎలుగుబంటి కళ్లజోడు పైకి తోసుకుంది. "కాపలా పెట్టాలంటే ముందు భద్రతా విధానమంటూ ఒకటి ఉండాలి కదమ్మా. రేపు ఆడిట్ వాళ్లు మమ్మల్ని అడగరూ?"

"అదెప్పటికి వస్తుందండీ?"

"అన్ని శాఖలూ ఒప్పుకోగానే."

అన్ని శాఖలూ ఒప్పుకోవడమే! అంతకంటే పులికి గడ్డి అలవాటు చేయడం సులువు.

పాపం, ఎలుగుబంటి మొదట రాసింది మంచిదే. 'రేచుకుక్కలు రేవు దాటి దుప్పి పిల్లల్ని తినేస్తాయి. ఏనుగుల్ని కాపలా పెట్టాలి.' అంతే. ఆ కాగితం విదేశాంగం చూసే నక్క చేతిలో పడింది.

"ఛీ ఛీ, తినేస్తాయేమిటండీ మొరటుగా! పొరుగువాళ్లు ఏమనుకుంటారు? 'ఆహారపరమైన ఆసక్తి కనబరుస్తున్నారు' అనండి."

రక్షణశాఖ ఏనుగు ఇంకోచోట వేలు పెట్టింది. "ఏనుగులని పేరు పెట్టి రాస్తే నిజంగానే వెళ్లాల్సొస్తుంది. 'తగిన జంతువులు, తగిన సమయంలో' అని మార్చండి. ఆఁ, మా శాఖకి కొత్త స్నానాల మడుగు కూడా అందులోనే చేర్చండి. అదీ భద్రతే."

కాగితం తిరిగి తిరిగి కట్టయింది. చుక్కమ్మ రోజూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడేది. "సగం ఏట్లోకి వచ్చేశాయండీ!" అని మొత్తుకుంటే, "అనుబంధంలో చేరుస్తాం" అనేవారు.

తీరా సంతకం వేళకి నక్క గొంతు సవరించుకుంది. "పొరుగువాళ్ల పేరెత్తిన ఏ పత్రమైనా వాళ్ల అభిప్రాయం తీసుకోకుండా ఖరారు చేయకూడదు. అది మన ఆనవాయితీ."

చుక్కమ్మకి ఒళ్లు మండిపోయింది. "మీ బుర్రలు పనిచేస్తున్నాయా? తినబోయేవాణ్ణి పిలిచి, నీ అభిప్రాయం ఏమిటి నాయనా అని అడుగుతారా?"

"అడగడం మన సంస్కారం తల్లీ," అంది నక్క.

ఏ శాఖా ఇవ్వనంత త్వరగా రేచుకుక్కలు జవాబిచ్చాయి. 'అభ్యంతరం లేదు. పత్రం అద్భుతంగా ఉంది. ఒక్క చిన్న సూచన. ఎవరెవరు ఎక్కడుంటారో స్పష్టంగా లేదు. పటం జతచేస్తే చదివేవాళ్లకి సౌకర్యం.'

నక్క పొంగిపోయింది. "చూశారా, ఎంత పెద్దమనసో!"

పటం తయారైంది. రేవు, పొదలు, పిల్లలు పడుకునే చోటు, అన్నీ చక్కగా వేశారు. "మన సచివాలయం మరీ చిన్నగా ఉందేం?" అని ఎలుగుబంటి అలిగితే, దాన్ని అన్నిటికంటే పెద్దగా దిద్దారు. ఒక ప్రతి గౌరవపూర్వకంగా అవతలి గట్టుకి వెళ్లింది.

గోడమీద ఆ పటంలో తన పిల్లలు పడుకునే చోటు చూసింది చుక్కమ్మ. ఆరోజు ఎవరినీ ఏమీ అడగలేదు. పొద్దువాలకముందే మందని తోలుకుని గుట్ట మీదికెక్కేసింది.

మర్నాడు పత్రం ఆవిష్కరణ సభ. అదే పూట రేచుకుక్కలు పొదల్లో దూరాయి. ఒక్క పిల్లా లేదు. కడుపు మండి పటం మళ్లీ విప్పాయి.

"ఇదేదో పెద్దగా వేశారే! ఇక్కడ చాలామంది ఉంటారట," అంది ఒకటి.

"పైగా ఎవరూ కుర్చీలోంచి లేవరట," అంది ఇంకొకటి.

ఇరుగుపొరుగు స్నేహం మీద నక్క ఉపన్యాసం సగంలో ఉండగా అవి వచ్చిపడ్డాయి. నక్క తోక పోయింది. సింహం వెనక గుమ్మంలోంచి ఉడాయించింది. ఎలుగుబంటి చెట్టెక్కి అరిచింది. "ఏనుగుగారూ, తొక్కండి!"

"తగిన జంతువులు అని రాసుకున్నాం కదండీ. నేను తగినవాణ్ణో కాదో తేల్చే కమిటీ ఇంకా వెయ్యలేదు," అంది ఏనుగు మడుగులోంచి.

రేచుకుక్కలు సభ కోసం వండిన విందు భోజనమంతా ఊడ్చేసి, త్రేన్చుకుంటూ వెళ్లిపోయాయి. వారం తిరక్కుండా తోక లేని నక్క నివేదిక రాసింది. 'విధానం దిగ్విజయం. దుప్పి పిల్ల ఒక్కటి కూడా చావలేదు.' ఎలుగుబంటికి పదోన్నతి వచ్చింది.

చుక్కమ్మకి మాత్రం సంజాయిషీ నోటీసు వచ్చింది, పటంలో చూపిన చోట ఎందుకు లేవని.

నీతి: ప్రాణం కాపాడుకోవడం తప్పు కాదు గానీ, పైవాళ్ల అనుమతి లేకుండా కాపాడుకోవడం మహా నేరం.