వితంతువుల తనిఖీ

యుద్ధం ఇంకా ఇరవై రోజులుందనగా, సైనికుల భార్యలు వితంతువులుగా ఏ మేరకు సిద్ధంగా ఉన్నారో చూడడానికి మిత్రదేశపు అధికారి రేవుపేట వచ్చాడు. రెండు దేశాల ఒప్పందంలో ఆరో షరతు అదే. ఫిరంగులు ఎవరైనా చూపించగలరు. తొలి శవాలు ఊళ్లోకి రాగానే జనం యుద్ధం చాలంటే, పక్కనున్న మిత్రుడు ఒంటరైపోతాడు. అందుకే ముందు ఇళ్లు చూస్తారు. మన అధికారులు కూడా అదే పని మీద వాళ్ల ఊళ్లలో తిరుగుతున్నారు.

పరీక్ష కోసం సైనికులకు ఒక్కరోజుకే చెల్లే మరణపత్రాలు ఇచ్చారు. హవల్దారు అప్పలసూరి తన పత్రంలో ఇంటిపేరు తప్పు పడితే దిద్దించుకుని, ఇంటికొచ్చి, నిబంధన ప్రకారం వసారాలో చాప మీద పడుకున్నాడు.

అధికారి వెంట వచ్చిన తహసీల్దారు, అప్పలసూరి భార్య పైడమ్మకు కాగితం చదివి వినిపించాడు. "మీ భర్త వీరమరణం పొందారు."

పైడమ్మ చాప వైపు చూసింది. "ఊపిరి తీస్తన్నాడు బాబూ."

"దాంతో మనకు సంబంధం లేదమ్మా. నువ్వు ఏడవాలి. తర్వాత దేశానికి జై కొట్టాలి. మధ్యలో ఎందుకు అని మాత్రం అడక్కూడదు."

"ఎందుకడక్కూడదు?"

మిత్రదేశపు అధికారి తన పుస్తకంలో ఒక గీత గీశాడు. తహసీల్దారుకు చెమట పట్టింది.

"ఈ వీధిలో ఇప్పటికే మూడిళ్లు తప్పాయి. ఇదీ తప్పితే వాళ్లు మనతో రారు."

"రాకపోతే యుద్ధం ఉండదా బాబూ?"

"ఉంటుంది. మనమొక్కళ్లమే చేస్తాం. అప్పుడు మీ ఆయన నిజంగానే పోతాడు."

"ఏడిసెయ్యే పైడీ," అన్నాడు అప్పలసూరి కళ్లు తెరవకుండానే. "నా కోసం."

ఆమె మొదట గొంతుతోనే ఏడ్చింది. తర్వాత, పెళ్లయిన కొత్తలో అతను నలభై మైళ్లు సైకిలు తొక్కి తనను చూడవచ్చిన సంగతి నోటికొచ్చింది. ఆ తర్వాత ఆగలేదు. ఎవరూ చెప్పకుండానే గాజులు గోడకేసి కొట్టుకుంది. ఎందుకని అడగలేదు. చివర్లో జై కూడా అంది.

అధికారి టోపీ తీసి నమస్కరించాడు. పూర్తి మార్కులు వేశాడు. వాళ్ల ఊళ్లలో ఆడవాళ్లు కూడా బాగా ఏడ్చారని అప్పటికే కబురొచ్చింది. రెండు దేశాలూ ఒకదాన్నొకటి నమ్మాయి.

అందరూ వెళ్లాక అప్పలసూరి లేచి చాప చుట్టాడు. "అయిపోనాదిలే. ఆకలేస్తంది, అన్నం ఎట్టు."

పైడమ్మ కళ్లు తుడుచుకుని అన్నం వండింది. విస్తరిలో వడ్డించి, పట్టుకెళ్లి పెరటి గోడ మీద పెట్టి, దణ్ణం పెట్టుకుని, పక్కకు జరిగి నిలబడింది.

అప్పలసూరి పెరట్లోకి వెళ్లి, కాకులు దిగకముందే, గోడ దగ్గర నిలబడి తిన్నాడు.