దుంగకు నాలుగు తీగలు

ఆదివారం పొద్దున హఫీజ్ వేసుకున్న పథకం చిన్నదే. కొత్తగూడెం నుంచి పినపాక వెళ్లాలి, మధ్యాహ్నం పెళ్లి విందులో సగం పాటలు ఒక బాస్ గిటార్‌తో, సగం ఇంకోదానితో వాయించాలి, ఏది ఉంచుకోవాలో తేల్చేయాలి. ఏడాదిగా ఇదే రంధి. ఒకటి వింటేజ్ రీఇష్యూ. అంటే అరవై ఏళ్ల కిందటి మోడల్‌ను కంపెనీ మళ్లీ కొత్తగా చేసి, పాతదానిలా కనబడాలని గీతలు కూడా తానే గీకి, ఆ గీతలకు అదనంగా వసూలు చేసే సరుకు. మొన్ననే వచ్చింది, నచ్చకపోతే వారంలోపు వెనక్కి పంపొచ్చు. రెండోది కస్టమ్, కారేపల్లి వడ్రంగి బలరాం చేత తన కొలతలకు టేకుతో చేయించుకున్నది. ఈ రెంటి గురించి హఫీజ్ గంటలకొద్దీ మాట్లాడగలడు. వాయించమంటే మాత్రం నాలుగు పాటలొచ్చు.

ఆర్కెస్ట్రా నడిపే గోపాలు ముందే హెచ్చరించాడు. "ఈసారన్న నీ బాస్ ఉన్నట్టు తెల్వాలె. లేకుంటే రేపటి సంది రాకు."

తీరా బయల్దేరదామని చూస్తే, తండ్రి మహబూబ్ అలీ ఫర్నిచర్ షాపు ముందు రీఇష్యూ ఎండలో తళతళలాడుతోంది.

"ఎవడో నీకు గీతలు పడ్డది అంటగట్టిండు బేటా. ఉప్పుకాగితం కొట్టి వార్నిష్ ఏసిన. ముట్టకు, ఇంకా ఆరలే."

"అబ్బాజాన్! ఆ గీతలకే పైసలు కట్టిన!"

"గీతలకా?" మహబూబ్ అలీ నిజంగానే నొచ్చుకున్నాడు. "నన్నడిగితే ఉత్తగనే గీకుదును గదరా!"

ఇక దాన్ని వెనక్కి పంపే మాట లేదు. హఫీజ్ ఏడుపుముఖంతో కస్టమ్‌ను వీపున తగిలించుకుని బైకెక్కాడు. దానికి సంచీ లేదు, రంగూ లేదు. పాలిష్ పూస్తే టేకు గొంతు మూసుకుపోతుందని అతగాడి సిద్ధాంతం.

అడవి మొదట్లో చెక్‌పోస్ట్ దగ్గర అటవీశాఖ బీట్ ఆఫీసర్ యశోద ఆపింది.

"ఏం కర్ర ఇది?"

నోరు మూసుకుంటే పోయేది. "అసలైన టేకు మేడం! ఒకటే చెక్క, ఎక్కడా అతుకు లేదు" అని మురిసిపోయాడు.

"పర్మిట్ ఏది?"

"ఇది గిటార్ మేడం."

ఆమె వేలితో కొట్టి చూసింది. "బొక్క లేదు, లోపల బోలు లేదు. గిటారైతే వాయించు."

ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే తప్ప పలకని వస్తువు అది. హఫీజ్ వేళ్లు నొప్పిపుట్టేలా మీటితే దోమ మూలిగినంత చప్పుడైంది.

"దుంగకు తీగలు కట్టి దాటిస్తున్నవా తమ్మీ? తెలివి మంచిగనే ఉన్నది."

ఇలాంటి వస్తువులు లోకంలో ఉంటాయని నిరూపించడానికి హఫీజ్ తండ్రికి ఫోన్ చేశాడు. "రెండోది జల్దీ తీస్కరా!"

రెండు గంటల తర్వాత మహబూబ్ అలీ రీఇష్యూతో బస్సు దిగాడు. యశోద దాన్నీ మీటించింది. ఇంకో దోమ మూలిగింది.

"వార్నిష్ వాసన గుప్పుమంటున్నది. ఏం దాసనీకి పూసిన్రు?"

రెండూ ఆమె బల్ల కిందికి చేరాయి.

గోపాలు ఫోనెత్తలేదు. విందు ముగించుకుని, సాయంత్రానికి ముందే అతని వ్యాన్ అటుగా తిరిగొచ్చింది. ఆంప్లిఫయర్ దింపి చెక్‌పోస్ట్‌లోనే కరెంటు పెట్టారు. హఫీజ్ కేబుల్ తగిలించి రెండూ వాయించాడు.

"సరే, గిటార్లే" అని ఒప్పుకుంది యశోద. "రెండూ ఒకటే తీరుగున్నయ్. గిట్ల రెండెందుకు?"

హఫీజ్‌కు పౌరుషం వచ్చింది. "వినే చెవి ఉండాలె మేడం! గోపాలన్నా, నువ్వు మీటు. నేను చూడకుంట చెప్త."

గోడవైపు తిరిగాడు. గోపాలు ఒక తీగ లాగాడు.

"రీఇష్యూ! ఆ గొంతులోనే పాతదనం ఉన్నది!"

వెనక్కి తిరిగి చూస్తే గోపాలు చేతిలో ఉన్నది కారేపల్లి టేకు.

ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ సిగ్గనిపించింది హఫీజ్‌కు.

"ఇయ్యాల బాస్ లేకుంటనే కానిచ్చినం" అన్నాడు గోపాలు నెమ్మదిగా. "ఒక్కడన్న అడగలే. పెళ్లిపిల్ల నాయనైతే, ఈసారి పాట సాఫ్‌గ వినబడ్డదని మెచ్చుకున్నడు. నువ్విగ రాకు."

వ్యాన్ వెళ్లిపోయింది. చేతిలో రెండు గిటార్లు, నిలబడడానికి స్టేజీ లేదు. ఇంటిదారిన బండి నడుపుతూ, హఫీజ్ వెనక కూర్చున్న తండ్రితో అన్నాడు. "తప్పు గిటార్లది కాదబ్బాజాన్. ఆ కేబుల్ మంచిది గాదు."

కొత్తగూడెం చేరేలోపే, కేబుళ్లలో వింటేజ్ మేలా కస్టమ్ మేలా అన్నది సగం ఆలోచించేశాడు.