దాదాపుకు దక్కే కొసరు

ఎన్నికలకు ముందు ఆదివారం మా విలా ఎస్పెరిదియావు పేటలో, పైకప్పు దాదాపు పూర్తయిన క్రీడామందిరంలో, జియు-జిట్సు పోటీలు దిగ్విజయంగా జరిగాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వాన కూడా దాదాపు బయటే కురిసింది.

నేను కిమోనోలు, అంటే ఈ ఆటకు తొడిగే చొక్కా ప్యాంటు జతలు, అమ్ముకునే మనిషిని. ఈ కుస్తీ నాకు బేరంలాగే కనిపిస్తుంది. మనిషిని పడగొడితే రెండు పాయింట్లు, కాళ్ల కట్టు దాటితే మూడు, గుండెలమీదెక్కి కూర్చుంటే నాలుగు. పట్టు మూడు సెకన్లు నిలవాలి. కొంచెంలో తప్పిపోతే కొసరు వేస్తారు. అసలు పాయింట్లు సమానమైతేనే కొసరు లెక్కకొస్తుంది. గొంతు బిగించి ఎదుటివాళ్ల చేత చాప తట్టిస్తే మాత్రం లెక్కలన్నీ రద్దు, గెలుపు మనదే.

ఆడవాళ్ల ఫైనల్లో మా బస్సు కండక్టరు జుస్సారా, పై వీధి కెల్లియానీ తలపడ్డారు. గెలిచినామెకు ఆ మందిరంలోనే టీచరు ఉద్యోగం, నెల జీతం అని కౌన్సిలర్ అరిస్తేవుగారు ప్రకటించి ఉన్నారు. పోటీ మొదలవగానే వీరనారులిద్దరూ చతికిలబడ్డారు. కింద కూర్చుని కాళ్లతో పోరాడటం ఈ విద్యలో గౌరవప్రదమైన ఎత్తు.

"లేవవే! చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నావేంటి?" అని జుస్సారా తల్లి డోనా జుల్మీరా కేకేసింది.

"ఊరుకోమ్మా, అది వ్యూహం" అన్నాడు శిక్షకుడు.

"వ్యూహమా? దాని నాన్న సోఫాలో ముప్పయ్యేళ్లు ఇదే వ్యూహం పన్నాడు!"

రిఫరీ గదమాయించి ఇద్దర్నీ లేపాడు. లేవగానే కెల్లియానీ జుస్సారాను పడగొట్టి అదిమిపట్టింది. రెండు పాయింట్లు. చివర్లో జుస్సారా కింద నుంచే కిమోనో కాలరుతో ఆమె గొంతు బిగించింది. కెల్లియానీ మొహం వంకాయ రంగుకు తిరిగింది, చెయ్యి చాప తట్టబోయింది, ఇంతలో గంట మోగింది. జుస్సారాకు ఒక కొసరు. విజేత కెల్లియానీని నిలబెట్టడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఓడినామె ఆమెకు నీళ్లు తాగించింది.

"నా పిల్ల దాన్ని దాదాపు చంపేసింది కదయ్యా! దానికి విలువ లేదా?" అని డోనా జుల్మీరా కౌన్సిలర్‌ని నిలదీసింది.

ఆయన మైకందుకున్నారు. "తల్లీ, ఈ మహాక్రీడలో దాదాపు కూడా వృథా పోదు! నా సేవనూ ఇలాగే తూచండి. ఆసుపత్రి దాదాపు తెరిచాను, ఒక కొసరు. మంచినీళ్లు పక్కపేట దాకా తెచ్చాను, ఇంకో కొసరు. కాలవ మీద వంతెన రిబ్బను కత్తిరించాక మూడు సెకన్లు నిలిచింది. న్యాయంగా అది అసలు!"

"నాలుగు నిలిచింది సార్, నేను లెక్కపెట్టాను" అని రిఫరీ నిజాయితీగా సవరించాడు. మందిరం చప్పట్లతో మారుమోగింది.

ఎన్నికల్లో ఆయన ఘనంగా గెలిచారు. ఎదుటి అభ్యర్థి ఏ పనీ మొదలుపెట్టి ఉండలేదు. పాపం, ఒక్క కొసరూ లేదు.

మొన్న కెల్లియానీ మా కొట్టుకొచ్చింది.

"మామా, కొత్త కిమోనో ఒకటియ్యవా? జీతం దాదాపు మంజూరైపోయింది."

"ఎప్పట్నుంచి?"

"ఉద్యోగంలో చేరినప్పట్నుంచి."

దాదాపు కిమోనో ఇచ్చాను, అంటే ప్యాంటు.

"మరి ఓటెవరికేశావే?"

"ఆయనకే మామా. ఇంతదాకా వచ్చాక ఇంకొకణ్ణి తెస్తే నా జీతం మళ్లీ మొదట్నుంచి మొదలెట్టాలి కదా!"

ఆ లెక్కలో తప్పు పట్టలేకపోయాను. నేనూ ఆయనకే వేశాను. మా కొట్టు ముందు మురుగుకాలవకు ఆయన సగం మూత వేయించారు. మిగతా సగం వేరేవాళ్లెందుకు వేస్తారు?