మారు వడ్డన

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఆ ఊళ్ళో ఇద్దరుగా ఇంటికి వస్తారు. ఒకరు మిగిలినవారు, ఇంకొకరు తీసేసినవారు. ఇద్దరినీ ఒకే ఆటోలో ఎక్కించకూడదని ఆసుపత్రి నియమం, ఆటోవాళ్ళు గొడవపెడతారని. తీసేసినవారిని కాగితాల్లో ‘తీసివేత’ అని రాస్తారు. మర్యాద తెలిసినవాళ్ళు మాత్రం అక్కగారనో అన్నగారనో పిలుస్తారు. ఎంతైనా నిన్నటిదాకా ఒంట్లో ఉన్న మనుషులు కదా!

చిక్కల్లా ఒక్కటే. మనుషులు ఇద్దరయ్యారని రేషన్ కార్డులో పేర్లు రెండు కావు. అందుకని కుట్లు మానాక ఒక మధ్యాహ్నం భోజనాల వేళకి మునిసిపాలిటీ వారి విచారణాధికారి వచ్చి, ఇద్దరిలో ఇంటి మనిషెవరో తేల్చి వెళ్తాడు. తొలిరోజుల్లో వేలిముద్రలు చూశారు, రెండూ ఒకటే. మొగుళ్ళని అడిగారు, కాఫీ ఎవరు తెచ్చిస్తే ఆవిడేనన్నారు. చివరికి ఎవరో బుర్రున్న కమిషనరు దారి కనిపెట్టాడు. ఇద్దరినీ పక్కపక్కన విస్తరి వేసి కూర్చోబెట్టాలి. ముందుగా ఎవరి విస్తట్లో మారు పడుతుందో వాళ్ళే ఇంటి మనిషి. మొదటి వడ్డన మర్యాద, మారు వడ్డన మమకారం. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది?

మారు పడనివాళ్ళని మార్కెట్ యార్డు వెనకున్న మిగులు గిడ్డంగికి తీసుకెళ్తారు. అక్కణ్ణించి వెనక్కి తెచ్చుకోకూడదని ఎక్కడా రాసి లేదు. ఇంతవరకూ ఎవరూ తెచ్చుకోలేదు, అంతే.

హైమావతికి భయం పట్టుకున్నది ఈ గిడ్డంగి గురించే. ఆపరేషనంటే భయం లేదా అంటే ఉంది గానీ, అది రెండో భయం. నిద్రలో ఆమె ఊపిరి ఆగిపోతోంది. భర్త ప్రసాదరావు పక్కన లేచి కూర్చుని, మళ్ళీ ఊపిరి వచ్చేదాకా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టుకుని ఉంటున్నాడు. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. “ఈ బరువు మీ గుండె ఎన్నాళ్ళో మొయ్యదమ్మా.” చేయించుకోకపోతే చావు, చేయించుకుంటే గిడ్డంగి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అసలా బరువంతా ఎక్కడిదో హైమావతికి బాగా తెలుసు. వడ్డనలో ఆమెకి ఊళ్ళో పేరుంది. పెళ్ళి బంతుల్లో ఆమె గరిటె పట్టి నడిచిందంటే విస్తట్లో ఖాళీ కనపడకూడదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఆ సామెత గోదావరి దాటి ఇటు రాలేదు. ఇంట్లో అందరూ తిని లేచాక గిన్నెలో మిగిలిన పనసపొట్టు కూర, పిల్లలు వదిలేసిన పెరుగన్నం, పారేయడానికి చేతులు రాక వంటింట్లో నిలబడి తినేది. ఇరవై ఏళ్ళ మిగుళ్ళు అవన్నీ.

ఆపరేషన్‌కి ముందు పథ్యం మొదలైంది. పలచని మజ్జిగ, పప్పుకట్టు, మళ్ళీ మజ్జిగ. కాలేయం చిన్నదవ్వాలట. మూడు బంతులున్న గొట్టాన్ని నోట్లో పెట్టుకుని ఊపిరి పీలుస్తూ బంతులు పైకి లేపడం అలవాటు చేయించారు. ఇవన్నీ హైమావతి సాధించేసింది. అసలు సాధన చేయాల్సింది అత్తగారు మంగతాయారమ్మ.

“తీసివేత విస్తరి ఖాళీ అయితే మీరు చూసి ఊరుకోగలరా మామ్మగారూ?” అని ఆసుపత్రిలో సలహాలిచ్చే అమ్మాయి అడిగింది.

“ఖాళీ విస్తరి చూస్తూ ఊరుకోవడమా? ఏం మాటమ్మా అది!” అని మంగతాయారమ్మ చెవులు మూసుకుంది.

కోడలి కోసం ఆవిడ ఆ పాపానికీ ఒప్పుకుంది. రోజూ కొడుకుని ఖాళీ కంచం ముందు కూర్చోబెట్టి, తన చేతులు వెనక్కి పెట్టి తువ్వాలుతో కట్టించుకుని, గుమ్మంలో నిలబడేది. మొదటిరోజు కళ్ళు తిరిగి పడిపోయింది. తర్వాత్తర్వాత రాయిలా నిలబడటం నేర్చుకుంది. ప్రసాదరావు మాత్రం రెండు కిలోలు తగ్గాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తెలివి వచ్చేసరికి కడుపులో నిప్పులు పోసినట్టుంది హైమావతికి. పక్క మంచం మీద తీసివేత కూర్చుని, హైమావతి పాత నైటీ వేసుకుని, నర్సుని ఉప్మా అడుగుతోంది. అదే మొహం, అదే నవ్వు, బుగ్గమీద అదే పుట్టుమచ్చ. హైమావతి తన చేతులు చూసుకుంది. గాజులు మోచేతిదాకా జారిపోతున్నాయి. ఎవరిలోంచి ఎవరిని తీశారో అని అనుమానం వచ్చింది. బరువు ఎక్కువున్నవారిని పెద్దగా లెక్కవేయాలట, కాబట్టి తనే ‘అక్కా’ అని పిలవాల్సి వచ్చింది.

అక్క చెడ్డది కాదు. అదే పెద్ద భయం. హైమావతి చిన్న గ్లాసుతో గుక్కగుక్కగా నీళ్ళు తాగుతూ, మెత్తని ఇడ్లీ ముక్కని పిండి పిండి అయ్యేదాకా నములుతూ, దువ్వెన నిండా ఊడిన జుట్టు ఏరుకుంటూ గోడవార నడుస్తుంటే, అక్క పెరట్లో బట్టలు ఆరేసేది, పక్కింటివాళ్ళతో పకపకా నవ్వేది. చీరలు అక్కకే సరిపోయాయి. మంగతాయారమ్మ “అమ్మాయ్” అని పిలిస్తే ఇద్దరూ పలికేవారు. అక్క ముందు వచ్చేది.

“నువ్వు చిక్కిపోయి ఎవరో పరాయిదానిలా ఉన్నావే,” అంది ఒకరోజు అత్తగారు, అని వెంటనే నాలిక కరుచుకుంది.

“నన్ను పంపించెయ్యరు కదా అత్తయ్యగారూ?”

“పిచ్చిమాటలు! నా చేతులు కట్టేసుకునేది ఎవరికోసమే?”

విచారణ రోజు రానే వచ్చింది. అధికారి వీరభద్రంగారు భారీ మనిషి. ఆయనా ఒకప్పుడు ఎవరిలోంచో తీసినవారే. మునిసిపాలిటీలో సగం మంది అంతే, మిగిలినవారికన్నా వీళ్ళకి కుర్చీలో కూర్చునే ఓపిక ఎక్కువ. అప్పటికే రెండిళ్ళలో బలవంతపెడితే తిని వచ్చారు. ఇక్కడా తప్పలేదు.

విస్తళ్ళు వేశారు. హైమావతి, పక్కన అక్క. ముద్దపప్పు, పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు. పెరుగన్నం గిన్నె ఇద్దరి మధ్యా పెట్టాలి, అది నియమం. ఉపాయం సులువైనదే. హైమావతికి మొదట స్పూనంత వడ్డిస్తారు. ఆమె అది తినేయగానే ప్రసాదరావు ఇంకో స్పూను మారు వేస్తాడు. అంతవరకూ అక్క విస్తరివైపు ఎవరూ చూడకూడదు.

హైమావతి నమలడం మొదలుపెట్టింది. తొందరపడితే కడుపు తిప్పేస్తుంది, ఆలస్యమైతే బతుకు పోతుంది. మంగతాయారమ్మ చేతులు వెనక్కి కట్టించుకుని గోడవైపు తిరిగి నిలబడింది. ప్రసాదరావు స్పూను పట్టుకుని భార్య నోటినే చూస్తున్నాడు. ఇంకొక్క ముద్ద. ఆఖరి ముద్ద.

ఈలోగా అక్క తినడం అయిపోయింది. విస్తరి ఊడ్చినట్టుంది. అక్క ఏమీ అడగలేదు. ఎంగిలి చెయ్యి విస్తరి మీద పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. అందరూ పట్టనట్టు ఎటో చూస్తున్నారు.

హైమావతి ఓరగా చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది. ఖాళీ విస్తరి. తన ఇంట్లో, తన పక్కన, తన పంక్తిలో ఒక మనిషి ఉత్త విస్తరి ముందు కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఎంగిలి కదా, ఎడమచెయ్యి దానంతటదే లేచి గరిటె అందుకుంది.

“కాస్త పెరుగన్నం వేసుకో అక్కా.”

పెరుగన్నం విస్తట్లో పడింది. పడ్డాక గానీ హైమావతికి తెలియలేదు తనేం చేసిందో.

“మారు పడిందండి,” అన్నారు వీరభద్రంగారు.

“అయ్యో అయ్యో! మేం వెయ్యలేదండీ బాబూ! అదే వేసింది, పిచ్చిది!” అని మంగతాయారమ్మ కట్టిన చేతులతోనే అడ్డం వచ్చింది.

“ఇంటివాళ్ళలో ఏ చెయ్యైనా ఇంటి చెయ్యేనండి. నాకూ బాధగానే ఉంటాది. ఏ ఇంటికెళ్ళినా ఇదే వరసండి ఆయ్,” అని ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

ప్రసాదరావు చేతిలో స్పూను అలాగే ఉంది. ఉత్త చేతులతో పంపకూడదని మంగతాయారమ్మ ఏడుస్తూనే క్యారేజీ నిండా పులిహోర సర్దింది. హైమావతి కడుపుకి అది పడదు. వద్దంటే అత్తగారు బాధపడుతుందని పట్టుకెళ్ళింది.

గిడ్డంగిలో వరసగా చాపలు, చాపల మీద సన్నని మనుషులు. దాదాపు అందరూ ఆడవాళ్ళే. మగవాళ్ళకి వడ్డించే అలవాటు లేదు గనక విచారణ రోజున చెయ్యి లేవలేదు, వాళ్ళు ఇళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళ తీసివేతల్ని మునిసిపాలిటీ ఉద్యోగాల్లోకి తీసుకుంది. పక్క చాపావిడ కాస్త జరిగి చోటిచ్చింది.

“మీదేంటండీ?”

“పెరుగన్నం,” అంది హైమావతి.

“నాది గారెలు. ఆ పక్క చాపావిడదేమో పాయసం.”

హైమావతి క్యారేజీ విప్పింది. అందరికీ తలా ఇంత పెట్టబోయింది. అందరూ ఒకరికొకరు పెట్టబోయారు. ఎవరూ తినలేదు.

కొన్నాళ్ళకి ప్రసాదరావు కిటికీ దగ్గరికి వచ్చాడు. చొక్కా బొత్తాలు బిగుతుగా ఉన్నాయి, కోల్పోయిన రెండు కిలోలూ వచ్చేసినట్టున్నాయి.

“ఇంట్లో ఆవిడకి ఊపిరి ఆగుతోంది హైమా. మేం తినేశాక మిగిలినవన్నీ నిలబడి తినేస్తోంది. ఆపరేషనే అంటున్నారు డాక్టరుగారు.”

హైమావతి ఊచలు పట్టుకుంది. “ఏవండీ, ఈసారి విచారణ రోజున అత్తయ్యగారి చేతులు కాదు, అక్క చేతులు కట్టండి. నా మాట వినండి. గట్టిగా కట్టండి.”

ప్రసాదరావు తల ఊపాడు. అతను చెడ్డవాడు కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

“మరి మాకు వడ్డించేదెవరు?”

హైమావతి వెనక్కి వెళ్ళి తన చాపని కొంచెం గోడకి జరిపి, పక్కన ఇంకో మనిషికి చోటు చేసింది.