సబ్బుబుడగల సైటేషన్లు

వైద్యుడి శరీరంలో అత్యంత ముఖ్యమైన అవయవం సైటేషన్ అని పరిశోధనా ప్రభావ మదింపు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. (గుండెకు రెండో స్థానం దక్కింది. అదీ వచ్చే సమావేశం దాకానే.) ఒక డాక్టరు రాసిన పరిశోధన పత్రాన్ని మరో డాక్టరు తన పత్రం చివర పేర్కొంటే అది ఒక సైటేషన్. చదివి పేర్కొనాలన్న నిబంధన ఏదీ లేదు.

ఈ తీర్మానం వెలువడేనాటికి పిల్లల వార్డు డాక్టరమ్మ పేరిట ఉన్నవి ఒక పత్రం, రెండు సైటేషన్లు. వాటిలో ఒకటి ఆవిడ శిష్యురాలు మొహమాటానికి ఇచ్చింది. రెండోది అదే ఇంటిపేరున్న పశువైద్యుడికి చేరవలసింది, దారి తప్పి వచ్చింది. సంఘం వారి ప్రభావాధికారి ఆవిడను పిలిపించారు.

"తొమ్మిదేళ్లుగా ఏం చేస్తున్నారమ్మా?"

"పిల్లలచేత సబ్బుబుడగలు ఊదిస్తున్నానండీ. ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చినవాళ్లు రోజూ పది నిమిషాలు ఊదితే రెండురోజులు ముందే ఇంటికెళ్లిపోతున్నారు. నాలుగొందలమందిని చూశాను."

"వెళ్లినవాళ్లెవరైనా మిమ్మల్ని ఉదహరించారా?"

"నాలుగేళ్ల పిల్లలండీ వాళ్లు."

ఆయన 'రోగుల నుంచి సహకారం శూన్యం' అని రాసుకున్నారు. ఏడాదిలోగా యాభై సైటేషన్లు రాకపోతే ఆవిడను పాత రికార్డుల గదికి బదిలీ చేస్తామని ఎంతో మర్యాదగా చెప్పి, గుమ్మందాకా వచ్చి సాగనంపారు.

డాక్టరమ్మ తొమ్మిదేళ్ల పనినీ ఆరు పేజీల్లో రాసి పత్రికకు పంపింది. అచ్చయి వచ్చింది. ఒక్క మాట తప్ప అంతా సరిగ్గానే ఉంది. 'రోజుకు పది నిమిషాలు' అన్నచోట 'రోజుకు పది గంటలు' అని పడింది.

ఆవిడ తల పట్టుకుని ఆ పూటే పత్రికకు ఉత్తరం రాసింది. తప్పులను వరుసక్రమంలో దిద్దుతున్నామనీ, ప్రస్తుతం ఆరేళ్ల కిందటి తప్పులు నడుస్తున్నాయనీ జవాబొచ్చింది.

ఈలోగా శాస్త్రలోకం మేల్కొంది. ఒక పరిశోధకుడు స్వయంగా బుడగలు ఊదడం మొదలుపెట్టి ఏడోగంటకు స్పృహ తప్పి, తేరుకోగానే దానిమీద పత్రం రాశాడు. ఆయన పడిపోయింది ఊదడంవల్ల కాదు, సబ్బు వాసనవల్ల అని మరొకరు రుజువు చేశారు. సబ్బునీళ్లకు జారిపడిన మూడో ఆయన ఎడమచేత్తో రాసి పంపించాడు. (కుడిచెయ్యి కట్టులో ఉంది.) ఎవరు ఎవర్ని ఖండించినా మొదటి వాక్యంలో డాక్టరమ్మ పేరు రాయక తప్పలేదు. నాలుగు నెలల్లో కొత్తగా ఆరువందల పన్నెండు సైటేషన్లు వచ్చాయి.

"అమ్మా, ఇవాళ మిమ్మల్ని ఇంకో నలభైమంది తిట్టారు. శుభాకాంక్షలు!" అని ప్రభావాధికారి ఫోన్లో ఉక్కిరిబిక్కిరయ్యారు. ఆవిడ ఫొటోను మెట్ల దగ్గర వేలాడదీశారు. గుండ్రంగా తిరిగే కుర్చీ ఒకటి ఇచ్చారు.

ఆ సాయంత్రం ఆవిడ భర్త, బడిలో డ్రాయింగు మాస్టారు, నెమ్మదిగా అడిగాడు.

"ఇంతకీ నువ్వు చెప్పింది తప్పా, ఒప్పా?"

"నేను చెప్పింది ఒప్పేనండీ. అచ్చయింది తప్పు. పేరొచ్చింది ఆ తప్పుకి."

"మరి కుర్చీ?"

"అదీ తప్పుకే. కానీ భలే తిరుగుతుందండీ," అని ఆవిడ పకపకా నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం ఎక్కడో దూరాన ఉన్న ఒక చిన్న ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది.

"అమ్మా, మా దగ్గర ఆరేళ్ల పాప ఉంది. మీ పత్రం చూసి పొద్దున్నే మొదలెట్టించాం. పది గంటలన్నారు కదా, మధ్యలో అన్నం పెట్టొచ్చాండీ?"

"ఆపు తల్లీ, ముందు ఆపు! నిమిషాలమ్మా, పది నిమిషాలు!"

అవతల కాసేపు గడబిడ వినిపించింది. "ఆపేశామమ్మా. కళ్లు తిరుగుతున్నాయట. సీసా మాత్రం ఇవ్వనంటోంది."

డాక్టరమ్మ తిన్నగా ప్రభావాధికారి గదికి నడిచింది. ఖండించిన ఆరువందల పన్నెండుమందికీ తానే ఉత్తరాలు రాసి తప్పు దిద్దుకుంటానంది.

"కొంప ముంచకండమ్మా!" అని ఆయన లేచి నిలబడ్డారు. "మీరు పది గంటలు అననే లేదంటే, వీళ్లంతా ఖండించింది ఎవర్ని? ఆరువందల పత్రాలు గాల్లో వేలాడతాయి!"

"వేలాడనివ్వండి. పిల్లలకి కళ్లు తిరుగుతున్నాయి."

ఉత్తరాలు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. కవర్లమీద అడ్రసులు మాస్టారు అందంగా రాసిపెట్టాడు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అనని మాటను ఖండించినందుకు అననివారికి సైటేషన్ చెందదని తేల్చి, ఆరువందల పన్నెండునూ రద్దు చేసింది. (పశువైద్యుడిది కూడా పనిలోపనిగా వెనక్కి తీసుకున్నారు.) డాక్టరమ్మ పాత రికార్డుల గదికి వెళ్లింది. పిల్లల వార్డుకు కొత్త అధిపతిగా ఏడోగంటకు స్పృహ తప్పిన పరిశోధకుడు వచ్చాడు. ఆయన సంతకం చేసిన మొదటి ఉత్తర్వు సబ్బుబుడగల నిషేధం.

"అలాగేనండీ," అన్నది పెద్ద నర్సు. సీసాలమీద 'నేల తుడుచు ద్రవం' అని చీటీలు అంటించి, కొత్త అధిపతి టీకి వెళ్లినప్పుడల్లా పిల్లలచేత పది నిమిషాలపాటు 'తుడిపించడం' మొదలుపెట్టింది.

పిల్లలు ఎప్పటిలాగే రెండురోజులు ముందే ఇంటికెళ్లిపోతున్నారు. వైద్యశాస్త్రానికి అంతుబట్టని ఈ అకారణ స్వస్థత గురించి కొత్త అధిపతి ఇప్పటికి పద్నాలుగు పత్రాలు రాశాడు. వాటిని చాలామంది ఉదహరిస్తున్నారు.