క్లారీ కళ్ళు, బెవన్ తలుపులు

శనివారం పొద్దున బెవన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పాత వ్యానును ఇనప స్టాండ్ల మీద నుంచి దించాలి, అత్తగారు మెర్ల్‌ని ఎక్కించుకోవాలి, పదకొండు గంటలకల్లా ఊరి చివర సముద్రపు ఒడ్డున ఉన్న కాకిల్ పాయింటుకు చేర్చాలి. ఆ రోజు ఆవిడ ఎనభై ఎనిమిదో పుట్టినరోజు. మొగుడు ఆ వ్యాను కొన్న కొత్తలో ఇద్దరూ అక్కడికే వెళ్ళి, మూడు రోజులు ఎడతెగని వానలో అందులోనే పడుకుని, అందులోనే టీ కాచుకుని తాగారు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. అప్పటి నుంచీ వ్యాను షెడ్డులోనే ఉంది. ఉప్పుగాలికి తలుపుల అంచులు తుప్పు పట్టి బిస్కెట్టు పొడిలా రాలడం మొదలుపెట్టాయి.

ఆ తలుపులు తానే బాగుచేస్తానని బెవన్ రెండు నెలల కిందట మాటిచ్చాడు. బడిలో ముప్ఫై ఏళ్ళు భూగోళం మొత్తం చెప్పినవాడికి తలుపొక లెక్కా? భార్య రాయిలీన్ మాత్రం, "పక్కింటి క్లారీని అడగరాదూ? బతుకంతా కార్ల రేకులు సరిచేసినవాడు" అంది. ఆ మాట బెవన్‌కి ముల్లులా గుచ్చుకుంది. అడిగితే క్లారీ వస్తాడు, చేతులు కట్టుకుని నిలబడతాడు, తన పనితనం చూసి నవ్వుతాడు. అందుకని నోటికొచ్చింది అనేశాడు.

"పాపం, క్లారీకి చూపు ఆనడం లేదు రాయిలీన్. బయటికి చెప్పుకోడు. మనం ఇబ్బంది పెట్టకూడదు."

రాయిలీన్‌ది జాలిగుండె. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని రొట్టెల కొట్టు నోరీన్‌కి చెప్పింది. నోరీన్ కూడా ఒట్టు వేయించుకునే చెప్పింది, రొట్టె కొన్న ప్రతివాళ్ళకీ.

ఆ ఊళ్ళో ఎవరికైనా కష్టం వస్తే పలకరించి ఊరుకోరు. వండిన గిన్నె మూతపెట్టి గుమ్మంలో వదిలి వెళతారు. గిన్నె అడుగున పట్టీ అంటించి దాని మీద పేరు రాస్తారు, తిరిగి ఇవ్వడానికి. సోమవారం క్లారీ గుమ్మంలో మాంసం కూర వెలిసింది. బుధవారం కోడిమాంసం కూరిన 'పై' రొట్టె. గురువారం గ్రంథాలయం ఆవిడ వినే పుస్తకాలు తెచ్చి, మెట్టు దగ్గర క్లారీ మోచెయ్యి పట్టుకుంది. రెండో వారానికి ఊరి అగ్నిమాపక దళం వాళ్ళు, అందరూ జీతం లేని ఇరుగుపొరుగే, ఇరవై రెండేళ్ళుగా మంటలార్పే లారీ నడుపుతున్న క్లారీ దగ్గర తాళాలు మెల్లగా తీసుకుని నోరీన్ చేతికిచ్చారు. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో క్లారీ" అన్నారు, ఒక్కో అక్షరం గట్టిగా పలుకుతూ.

బెవన్ ఇదంతా కంచె సందులోంచి చూశాడు. క్లారీ ఎండలో నిలబడి, గిన్నె తలకిందులు చేసి, అడుగున చీమతలకాయంత అక్షరాలు చదువుకుంటున్నాడు. బెవన్‌కి అన్నం సహించలేదు. వెళ్ళి చెప్పేద్దామని రెండుసార్లు గేటు దాకా నడిచాడు. రెండుసార్లూ చెత్తడబ్బా సర్దినట్టు నటించి వెనక్కి వచ్చాడు. తలుపులు కుదిరితే చాలు, క్లారీ ఊసు ఎవరూ ఎత్తరు, అబద్ధం దానంతటదే చల్లారిపోతుంది అనుకున్నాడు.

అందుకే ప్రాణం పెట్టి పనిచేశాడు. వ్యానును నాలుగు స్టాండ్ల మీదికెత్తి చక్రాలు విప్పాడు. తలుపుల కింద తుప్పు పట్టిన గుమ్మం రేకును కోసి పారేశాడు. కొత్త రేకు ముక్కలు తాపి, పుట్టీ పూసి, పైన మీగడరంగు వేశాడు. బందుల బోల్టులు వదులు చేసి తలుపుల్ని అటూ ఇటూ జరిపాడు. చివరికి చుట్టూ సందు ఎక్కడ చూసినా నాణెం మందమే.

ఆ సాయంత్రం కంచె మీద నుంచి క్లారీ పిలిచాడు. "ఒరేయ్ బెవన్, చక్రాలు నేల మీద ఉన్నప్పుడే తలుపులు..."

బెవన్ వినపడనట్టు గ్రైండరు ఆన్ చేశాడు.

శనివారం వ్యాను నేలకు దిగింది. ఎందుకో తలుపులు కాస్త బిగుసుకున్నాయి. కొత్త చెప్పులు కరవవూ అనుకుని భుజంతో ఒక్క తోపు తోసి మూసేశాడు. గేటు దగ్గర గట్టు దిగేటప్పుడు కాళ్ళ కింద ఎక్కడో 'కటుక్కు'మంది.

"ఏదో విరిగినట్టుంది అబ్బాయీ" అంది మెర్ల్.

"పాత బండి కదండీ, ఒళ్ళు విరుచుకుంటోంది."

పాయింటు దగ్గర నలభై మంది ఉన్నారు. దళం వాళ్ళు సాసేజీలు వేయిస్తున్నారు. క్లారీని నీడలో కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఎండలో ఒళ్ళో దుప్పటి కూడా కప్పారు. బెవన్ వ్యాను ఆపి పిడి లాగాడు. తలుపు కదల్లేదు. అవతలి తలుపు లాగాడు. పక్కకు జరిగే పెద్ద తలుపును కాలితో తన్నాడు. అదీ అంతే. కిటికీ అద్దం నాలుగు వేళ్ళు దిగి ఆగిపోయింది.

జనం చుట్టూ చేరి, వీళ్ళు పాట కోసమే లోపల కూర్చున్నారనుకుని పుట్టినరోజు పాట మొదలుపెట్టారు. మెర్ల్ చెయ్యి ఊపింది. వాళ్ళు మళ్ళీ పాడారు.

"దిగవా అమ్మా?" అంది, ముందే వచ్చి జనంలో నిలబడ్డ రాయిలీన్.

క్లారీ కుర్చీ ఇటే తిరిగి ఉంది. బెవన్ గబుక్కున సందులోంచి, "మెర్ల్ గారికి కాసేపు ఆయన జ్ఞాపకాలతో ఉండాలనుందట" అన్నాడు.

జనం కళ్ళు తుడుచుకున్నారు. మెర్ల్ అల్లుడి వైపు చూసింది. "అలా అన్నానా నేను?"

అద్దం సందులోంచి కేకు వచ్చింది, సన్నగా కోసి. తరవాత టీ, చెంచాలు చెంచాలుగా. అరగంట గడిచింది.

"అబ్బాయీ, నా జ్ఞాపకాలు అయిపోయాయి. ఇప్పుడు నేను బాత్రూముకి వెళ్ళాలి."

"ఎంత తొందరండీ?"

"పొద్దున మూడో కప్పు టీ పోసింది నువ్వే."

ఇక దాచడం కుదరలేదు. "తలుపులు రావడం లేదు!" అన్న కేక వినగానే దళం వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. ఇరుక్కున్నవాళ్ళను తీయడానికి కార్లు కోసే కొత్త యంత్రం వచ్చి ఎనిమిది నెలలైనా ఒక్కసారి కూడా వాడే భాగ్యం కలగలేదు. నోరీన్ లారీని వెనక్కి నడుపుతూ తెచ్చింది. రొట్టెలూ వేయించిన ఉల్లిపాయలూ ఉన్న బల్ల చక్రాల కింద పడి నలిగింది. ఆమె దిగి చూసుకుని, "క్లారీ అయితే చూసుకునేవాడే, పాపం" అని నిట్టూర్చి, యంత్రం దవడలు తెరిచి వ్యాను దగ్గరికి నడిచింది.

మెర్ల్ రెండు చేతులూ తలుపుకు ఆనించింది. "మా ఆయన వ్యాను కోస్తారా? ముందు నన్ను కోయండి!"

ఆ గొంతు విన్నాక బెవన్‌లో ఏదో కూలిపోయింది. "ఆగండి! క్లారీని పిలవండి!"

"అతనికేం కనపడుతుంది బెవన్?" అంది నోరీన్ మెల్లగా.

"అన్నీ కనపడతాయి! అతని కళ్ళకి ఏమీ కాలేదు! అతన్ని అడగడానికి సిగ్గుపడి నేనే అబద్ధం చెప్పాను! అబద్ధాలకోరుని నేను!"

బెవన్ చెవుల దాకా ఎర్రబడి తల దించుకున్నాడు. రాయిలీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూశావా నోరీన్, స్నేహితుడి పరువు కాపాడటానికి నింద తన మీద వేసుకుంటున్నాడు." జనం చప్పట్లు కొట్టారు. చెప్పుదెబ్బలైనా బెవన్‌కి అంత నొప్పి పుట్టించేవి కావు.

ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యి పట్టుకుని క్లారీని తీసుకొచ్చారు. అతను తలుపు సందును ఒక్క క్షణం చూశాడు. జాకీ అడిగాడు, ఒక చెక్కముక్క అడిగాడు. వాటిని వ్యాను గుమ్మం రేకు కింద పెట్టి బండిని రెండు అంగుళాలు ఎత్తాడు. చిటికెన వేలితో తోస్తే పెద్ద తలుపు జారిపోయింది. మెర్ల్ ఎవరికీ కృతజ్ఞతలు చెప్పకుండా, తన వయసుకు మించిన వేగంతో వెళ్ళిపోయింది.

"చేతి స్పర్శతోనే!" అన్నారు జనం.

క్లారీ, ఆవిడ వెనకే దిగిన బెవన్ పక్కన వంగి గొంతు తగ్గించాడు. "తుప్పు కోసే ముందు లోపల అడ్డకమ్మీలు కట్టాలిరా. లేకపోతే బండి నడుము జారుతుంది. స్టాండ్ల మీద కుదిరిన తలుపు నేల మీద ఎలా కుదురుతుంది? అదే చెప్పబోయాను ఆ రోజు."

"క్లారీ... నేను..."

"రెండో గిన్నెకే తెలిసింది నువ్వేనని. ఊళ్ళో అందరూ నా కళ్ళెలా ఉన్నాయని అడిగారు. అడగనివాడివి నువ్వొక్కడివే."

బెవన్ జనం వైపు తిరగబోయాడు. "ఇప్పుడే మళ్ళీ చెప్తాను, వాళ్ళు నమ్మేదాకా చెప్తాను."

"మంగళవారం దళం సమావేశంలో చెప్పు. గోడ మీది నోటీసులన్నీ వెనక బెంచీ నుంచి నేను చదివి వినిపిస్తా. నా తాళాలు నాకిప్పించు. అంతవరకూ నోరు మూసుకో, రేపు గొర్రెమాంసం 'పై' రొట్టె వస్తోంది." క్లారీ మోచెయ్యి చాపాడు. "పట్టుకో. నడిబజారు మీదుగా ఇంటి దాకా నడిపించు. అందరూ చూడాలి."

బెవన్ పట్టుకున్నాడు. కొట్ల ముందు జనం లేచి దారిచ్చారు. ఎంత మంచివాడో అని చెప్పుకున్నారు. అతను తల ఎత్తలేక నేల చూపులు చూస్తూ నడిచాడు.

దారిలో బెవన్ రెండుసార్లు గట్టు తగిలి పడబోయాడు. రెండుసార్లూ పట్టుకున్నది క్లారీయే.